కాసిం పెళ్లి

మొహర్రం నెలలో హైదరాబాద్ పాతబస్తీ షియాల ఇళ్లల్లో శుభకార్యాలు ఉండవు. నల్లబట్టలు, మర్సియా శోకగీతాలు, గుండెలు బాదుకునే మాతం. అలాంటి నెలలో ఏడో రోజున మాత్రం పెళ్లివారి పళ్లెం బయటికొస్తుంది. దారుల్‌షిఫా వైపు ఆషుర్‌ఖానా అనే ఒక సంతాప మందిరంలో దాన్ని దగ్గర నుంచి చూశాను. తడి గోరింటాకు ముద్ద, అందులో గుచ్చిన కొవ్వొత్తులు, చుట్టూ మల్లెపూలు. పళ్లెం లోపలికి రాగానే అప్పటిదాకా సన్నగా వినబడుతున్న ఏడుపు ఒక్కసారి పెద్దదైంది.

ఆ పెళ్లికొడుకు కాసిం. ఇమామ్ హుస్సేన్‌కు అన్న కొడుకు. క్రీ.శ. 680లో కర్బలా యుద్ధంలో నేలకొరిగేనాటికి ఇంకా మీసమైనా రాని పిల్లవాడు. శత్రువులు చుట్టుముట్టి ఉండగానే హుస్సేన్ తన కూతురినిచ్చి అతనికి పెళ్లి చేశాడనీ, గోరింట ఎరుపు వదలకముందే అతను యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదనీ కథ. ఆ పెళ్లికి చారిత్రక ఆధారం లేదని షియా పండితుల్లోనే చాలామంది అంటారు. అయినా పళ్లెం ఆగలేదు. పీర్ల పండగ నాడు తెలంగాణ పల్లెల్లో హిందువులు కూడా మొక్కే కాసిం దూలా ఈ పెళ్లికొడుకే.

ఆధారం లేని పెళ్లిని జనం ఇంతగా ఎందుకు పట్టుకున్నారా అనుకుంటే నాకు అభిమన్యుడు గుర్తొస్తాడు. వ్యాసభారతంలో శశిరేఖ ఊసే లేదు. మనవాళ్లు అభిమన్యుడితో ఆమె పెళ్లిని అల్లుకుని, నాటకాలాడి, 1957లో ‘మాయాబజార్’ తీశారు. పద్మవ్యూహంలో ఆ కుర్రాడికి ఏమవుతుందో తెలిసి కూడా లగ్గం చూసి మురిసిపోతాం. అర్ధాంతరంగా పోయినవాణ్ని చావు దగ్గరే వదిలేసి రావడానికి జనానికి మనసొప్పదు. వాడికి దక్కాల్సిన ముచ్చట ఏదో ఒకటి జరిపించి గాని ఊరుకోరు.

కల్పన అక్కర్లేని కథలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ ప్రాంతంలోని లోన్ హిల్ మీద, 1999 జూన్ 28న అమరుడయ్యారు. ముప్పై ఏళ్లు నిండి వారమే అయింది. తూటాల వర్షంలోనూ పాకుతూ వెళ్లి శత్రువు బంకర్‌లోకి గ్రెనేడ్లు విసిరిన తెగువకు మహావీర చక్ర ఇచ్చారు. అమరుడు కావడానికి తొమ్మిది రోజుల ముందు ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. కడుపుతో ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమనీ, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందనీ అందులో కోరారు. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహం గురించి విన్నాడని మనం చెప్పుకుంటాం. పద్మపాణి బిడ్డ వినాల్సిన కథల్లో అదీ ఉంటుంది కదా అనిపించి ఆ ఉత్తరం దగ్గర ఆగిపోతాను. ఆయన పోయిన కొన్ని నెలలకు కూతురు పుట్టింది.

తెగువ ఒక్కదాన్నే తలుచుకునే సమాజానికి తర్వాతి యుద్ధం సులువుగా కనిపిస్తుంది. ధైర్యవంతులకు ఏ తరంలోనూ కొదవ ఉండదు మరి. చేసుకోవాల్సిన పెళ్లి, ఎత్తుకోవాల్సిన బిడ్డ కూడా లెక్కలోకొస్తే, తప్పనిసరైన యుద్ధానికి కూడా ఎంత మూల్యం చెల్లించామో దాచుకోలేం. శౌర్యాన్ని గుర్తుపెట్టుకోవడానికి పతకాలున్నాయి, దినోత్సవాలున్నాయి, ప్రభుత్వం ఉంది. మిగతాదంతా గుర్తుపెట్టుకోవాల్సింది మనమే.