పండ్రెండేండ్ల బిడ్డలు ఇద్దరు

ధ్యాన భాగములు: మార్కు 5:35-43; లూకా 2:41-52



జూను నెలలో మన బడులు మరల తెరువబడును. బిడ్డలకు పుస్తకములు, సంచులు కొనుచున్న ఈ దినములలో సువార్తలయందలి ఇద్దరు బిడ్డలను జ్ఞాపకము చేసికొందము. ఇద్దరికిని పండ్రెండేండ్లే. ఒకరు యాయీరు కుమార్తె. రెండవవాడు బాలుడైన మన ప్రభువే.

యాయీరు ఇంట జనులు ఏడ్చుచుండగా ప్రభువు లోపలికి వెళ్లి, ఆ చిన్నదాని చెయ్యి పట్టి లేపెను. తలిదండ్రులు ఆశ్చర్యముతో నిలిచిపోయిరి. ఆ సమయమున ఎవరికిని తోచని సంగతి ఆయనకు తోచెను. బిడ్డకు తిండి పెట్టుడని వారికి చెప్పెను. మరణమును గెలిచిన ప్రభువు బిడ్డ ఆకలిని మరువలేదు.

కడుపు కాలుచున్న బిడ్డకు చదువు అంటదు. 2001 నవంబరులో సుప్రీము కోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల బిడ్డలకు వండిన మధ్యాహ్న భోజనము పెట్టవలెనని రాష్ట్రములను ఆదేశించెను. 2003లో మన తెలుగు బడులలోను ఆ పొయ్యి వెలిగెను. అయితే మన వీధి బడిలో అన్నము సరిగా ఉడికినదా, గుడ్డు బిడ్డ చేతికి వచ్చినదా అని మనము ఎన్నడైనను వెళ్లి చూచితిమా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నాల్గింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు ఉండవలెను. మన స్త్రీల సమాజపు తల్లులు ఆ కమిటీలో కూర్చుండుట కూడ ప్రభువు సేవయే.

ఇక రెండవ బిడ్డ. యెరూషలేము దేవాలయములో ఆయన బోధకుల నడుమ కూర్చుండి, విని, ప్రశ్నలు అడిగెను. పెద్దలు ఆయనను గద్దించి పంపలేదు. మన బిడ్డలకు ఆ భాగ్యము కలదా? తెలియలేదని చెప్పిన బిడ్డకు వెక్కిరింపు, అడిగిన బిడ్డకు దెబ్బ. బడిలో బిడ్డను కొట్టుటయు, మనస్సు నొప్పించుటయు ఆ చట్టమే నిషేధించినది. అయినను మనము సామెతల గ్రంథములోని బెత్తమును చూపి మన కోపమును సమర్థించుకొనుచున్నాము. సువార్తలలో ప్రభువు చేయి ఏ బిడ్డను కొట్టెను? ఎత్తి కౌగిలించుకొనినదియు, దీవించినదియు, పట్టి లేపినదియు ఆ చేయియే కదా!

భయపడిన బిడ్డ అడుగడు. అడుగని బిడ్డ నేర్చుకొనడు. 2024లో మన దేశపు గ్రామములలో జరిగిన అసర్ సర్వేలో, అయిదవ తరగతి బిడ్డలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు సగముకంటె కొంచెము తక్కువ. తక్కినవారు అయిదవ తరగతికి వచ్చియు ఆ పాఠము చదువ నేర్వనివారు.

ఇక్కడ మన పాపము ఒకటి ఒప్పుకొనవలెను. ఫలితములు వచ్చిన తరువాతి ఆదివారము మంచి మార్కులు తెచ్చుకొన్న బిడ్డలను ముందుకు పిలిచి, శాలువ కప్పి, స్తుతి చెల్లించుచున్నాము. అది తప్పు కాదు. కాని పరీక్ష తప్పిన బిడ్డ ఆ ఆదివారము గుడికి రాడు. వాని తలుపు తట్టువారు లేరు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువది మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. ఆ యిండ్లలోని ఏడ్పు మన చెవిని పడవలదా? ప్రభువు అపహసించువారిని బయటకు పంపి, ఏడ్పు వినబడిన ఇంటిలోనికి వెళ్లెను. ఆయన శిష్యులమైన మనము ఈ యేడు మొదట ఏ యింటికి వెళ్లుదుము?

ఇంగ్లండులోని గ్లౌస్టరు పట్టణమున 1780లో రాబర్టు రెయిక్సు ఆదివారపు బడి పెట్టించినప్పుడు, వారమంతయు పనిచేయు పేద బిడ్డలకు చదువను నేర్పుటయే దానిలోని ముఖ్యమైన పని. మన తెలుగు దేశమున 1842లో గుంటూరు చేరిన హయ్యరు దొరగారు సువార్తతోపాటు బడులను పెట్టిరి. అది మన స్వాస్థ్యము. నేడు క్రొత్త భవనములు కట్టు శక్తి మనకు లేకపోవచ్చును. కాని వారమునకు రెండు సాయంత్రములు గుడి తలుపు తెరచి, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులను, కాలేజీ యువజనులను కూర్చుండబెట్టి, వీధి బిడ్డలచేత బిగ్గరగా చదివించుటకు ఏమి ఖర్చు? ఆ బిడ్డ ఏ మతమువాడని అడుగ నక్కరలేదు. ముందు గుప్పెడు ఉడికించిన శనగలు పెట్టుదము. తరువాత పుస్తకము తెరువుదము. తప్పు చదివినప్పుడు నవ్వక, మరల చదువుమందము.

ప్రార్థన: ప్రభువా, బిడ్డ ఆకలిని ఎరిగినవాడా, బాలుడవై ప్రశ్నలు అడిగినవాడా, మా చేతిలోని బెత్తమును దింపుము. పడిపోయిన బిడ్డను పట్టి లేపు చేయి మాకు దయచేయుము. ఆమేన్.