పాటలో పోయినవాడు

2019 జూలైలో నరసరావుపేటలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని రాహుల్ చౌదరిని ద్రోహి అన్నాను. 2014 నుంచీ తెలుగు టైటాన్స్‌కి కూతకెళ్ళినవాడు, తమిళ్ తలైవాస్ జెర్సీలో వచ్చి హైదరాబాద్‌లోనే మనల్ని ఓడిస్తుంటే కడుపు మండదా?

నాన్న అడిగాడు: "నువ్వు మూడు కంపెనీలు మారలా? నిన్నెవరన్నా తిట్టారా?"

నిజానికి ఆ పోలిక కూడా సరిపోదు. నేను నచ్చిన చోటికి వెళ్ళాను. కబడ్డీ ఆటగాణ్ణి వేలంలో ఎవరు పాడుకుంటే వాళ్ళకే ఆడాలి. రాహుల్‌ని తలైవాస్ 94 లక్షలకు పాడుకుంది. అదే వేలంలో మన టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్ మీద 1.45 కోట్లు పెట్టింది. ఇందులో ద్రోహం ఎవరిది? ఎంచుకునే వీలే లేనివాణ్ణి విశ్వాసం అడగొచ్చా?

పైగా రాహుల్‌ది బిజ్నోర్, సిద్ధార్థ్‌ది కొల్హాపూర్ వైపు. ఊరు చూసి కాదు, ఆట చూసి మనవాడనుకున్నాం. ఆ ఆట అతను ఆడేశాడు, బాకీ ఏమీ లేదు.

ఇవాళ అదే మ్యాచ్ పెట్టినా రాహుల్‌ని పట్టుకోమనే అరుస్తాను. ద్రోహి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.