నాణెం మోత

మా నాయనమ్మ పెట్టెలో జార్జి బొమ్మ వెండి రూపాయలు కొన్ని ఉండేవి. ఏడాదికోసారి వాటిని బయటికి తీసి ఒక్కొక్కటే అరుగుబండ మీద వేసి మోత వినేది. పాతవి ఖంగుమనేవి. 1940 తర్వాత కొట్టినవి మొద్దుగా పలికేవి. "దీంట్లో వెండి సగం మింగేశారు" అనేది. అక్షరమ్ముక్క రాని ఆవిడ చెవికి, ప్రభుత్వం వెండిని సగానికి దించిన సంగతి తెలిసిపోయింది.

రోమ్ సామ్రాజ్యం ఎందుకు కూలిందో చదివినప్పుడల్లా నాకు ఆ అరుగు గుర్తొస్తుంది. సరిహద్దు దాడులు, మహమ్మారులు, సింహాసనం కోసం సేనాపతులు ఒకరినొకరు నరుక్కోవడం, ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ నా మనసు నాణెం దగ్గరే ఆగుతుంది. అగస్టస్ చక్రవర్తి కాలంలో దినారం అనే రోమన్ నాణెం దాదాపు స్వచ్ఛమైన వెండి. 64లో నీరో కొంచెం తగ్గించాడు. సైనికుల జీతాలు పెరుగుతున్న కొద్దీ అది ఇంకా తగ్గుతూ పోయింది. సెప్టిమియస్ సెవెరస్ నాటికి ఇంచుమించు సగం. 260ల చివరికి కొత్త నాణేల్లో నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. రాగిబిళ్ల మీద వెండి పూత, దాని మీద చక్రవర్తి ముఖం.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు అగస్టస్, టైబీరియస్‌లవి. నీరో కల్తీ తర్వాతి వెండి మన దేశంలో బయటపడింది చాలా తక్కువ. అంత దూరంలో కూర్చున్న మన వర్తకులు తేడా పట్టేశారనే నేను నమ్ముతాను.

260లో ఈజిప్టులోని ఆక్సిరింకస్ పట్టణంలో షరాబులు దుకాణాలు మూసేశారు. చక్రవర్తుల నాణెం పుచ్చుకోం అన్నారు. దుకాణాలు తెరవాలని, దొంగనాణెం తప్ప ప్రతి నాణెమూ తీసుకోవాలని, కాదంటే శిక్ష తప్పదని అధికారి తాఖీదు ఇచ్చాడు. ఆ పపైరస్ ఇప్పటికీ ఉంది. దాన్ని గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నమ్మమని ఆజ్ఞాపించాల్సి వచ్చిందంటే, ఆ నమ్మకం అప్పటికే పోయిందన్నమాట. ఆ తాఖీదు రాస్తున్నవాడి జీతం కూడా ఆ నాణేల్లోనే వచ్చేదేమో!

పోనుపోను ప్రభుత్వమే పన్నుల్లో ఎక్కువ భాగం ధాన్యంగా, బట్టలుగా, బంగారంగా వసూలు చేయసాగింది. తాను కొట్టిన నాణేన్ని తానే నమ్మలేదు! 301లో డయోక్లీషియన్ చక్రవర్తి వెయ్యికి పైగా సరుకులకూ పనులకూ గరిష్ఠ ధరలు కట్టి, మీరితే మరణదండన అన్నాడు. సరుకు సంతకు రావడం మానేసింది. రైతు భయపడ్డాడు గాని నమ్మలేదు. భయంతో కొన్నేళ్లు రాజ్యం నడపొచ్చు. ఆ రాజ్యం కోసం ప్రాణమిచ్చేవాణ్ణి మాత్రం భయంతో తయారుచేయలేం.

476లో ఒడోయేసర్ అనే సేనాపతి ఇటలీలో ఆఖరి పడమటి రోమ్ చక్రవర్తిని, రోములస్ అనే కుర్రవాణ్ణి, దించేశాడు. చంపలేదు, భరణం ఇచ్చి పంపేశాడు. చరిత్ర పుస్తకాలు ఆ ఏడాదినే ముగింపు అంటాయి. నా కళ్లకు మాత్రం ఆ షరాబే కనిపిస్తాడు. తాఖీదు విని తలుపు తీసి ఉంటాడు. ఎదుటివాడు చాచిన నాణేన్ని అరచేతిలో వేసుకుని, బరువు చూసి, బల్ల మీద ఒక్కసారి మోగించి, ఏమీ అనకుండా లోపల వేసుకుని ఉంటాడు.