ఎవరితో భుజించుచున్నాము?



విశ్వాసి పట్టణములోని పెద్ద మాంసాహారపు హోటలుకు వెళ్లి భోజనము చేయవచ్చునా అని మన యౌవనస్థులు అడుగుచుందురు. అది లోకభోగమని కొందరు పెద్దలు త్రోసివేయుదురు. తినుట త్రాగుటలలో విచారింపవలసినదే లేదని మరికొందరు నవ్వుదురు. ఈ రెండు ఉత్తరములును తొందరపడి ఇచ్చినవే. కొంచెము నిదానముగా ఆలోచింతము.

ఐరాల ప్రాంతపువారు పనుల నిమిత్తము చిత్తూరికిని, వైద్యము నిమిత్తము వేలూరికిని, ఉద్యోగముల నిమిత్తము మద్రాసుకును, అనగా నేటి చెన్నైకిని, వెళ్లుచుండుట క్రొత్త సంగతి కాదు. మన పల్లెలలో వేటమాంసము పండుగనాటి కూర. సముద్రము దూరము గనుక సముద్రపు చేప అరుదు. పట్టణములో మిలిటరీ హోటళ్లున్నవి. మద్రాసు మౌంటు రోడ్డున 1951లో ఆరంభమైన బుహారీ హోటలు వంటి పేరుమోసిన పెద్ద భోజనశాలలును ఉన్నవి. అక్కడ బిరియాని, కోడి, వేపిన చేప, రొయ్యలు అడిగినవెల్ల బల్లమీదికి వచ్చును. ఏండ్ల తరబడి కూలిచేసి బిడ్డను చదివించిన తలిదండ్రులను ఆ బిడ్డ తన మొదటి జీతముతో అట్టి చోటికి తీసికొనిపోయి కడుపునిండ భోజనము పెట్టించినయెడల, దానిని పాపమని ఎవరు చెప్పగలరు?

మన ప్రభువు సుంకరుల యింట విందుకు కూర్చుండెను. అందుకై తిండిపోతని నింద పొందెను. తిరిగి లేచిన తరువాత సముద్రతీరమున నిప్పులమీద చేపలు సిద్ధపరచి, రాత్రియంతయు వలలతో ప్రయాసపడిన శిష్యులకు తానే వడ్డించెను. పౌలు కొరింథువారికి వ్రాయుచు, అంగడిలో అమ్ముదానిని విశ్వాసి మనస్సాక్షికి భయపడక తినవచ్చుననెను. అయితే అదే పత్రికలో, తన భోజనము సహోదరుని తొట్రిల్లజేయునట్లయితే మాంసమునే మానుకొందునని కూడ చెప్పెను. కాబట్టి విస్తరిలో ఏమున్నదని మాత్రమే అడిగినందువలన విచారణ ముగియదు. ప్రక్కన ఎవరున్నారనియు అడుగవలెను.

ఈ ప్రశ్న మన దేశములో మిక్కిలి బరువైనది. మన తాతల దినములలో రైలు స్టేషన్లలో సహితము బ్రాహ్మణులకు ఒక భోజనపు గది, తక్కినవారికి వేరొక గది ఉండెడిది. మన వాడలవారికి అనేక పూటకూళ్ల యిండ్ల గడప దాటుటకే వీలులేకపోయెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుపరచి, జాతి కుల భేదములను బట్టి ఎవరిని గాని హోటళ్లలోనికి రానీయకుండుట కూడదని శాసించెను. 1955లో దానిని శిక్షార్హమైన నేరముగా చేసిన చట్టము వచ్చెను. ఆ తరువాతను పల్లెటూరి టీ అంగళ్లలో వేరు గ్లాసు చాల కాలము నిలిచియుండెను. కనుక పెద్ద హోటలులో మనవాడు ఎవని ప్రక్కనైనను కుర్చీ లాగుకొని కూర్చుండుట చిన్న సంగతి కాదు. అందు నిమిత్తము దేవుని స్తుతింపవలెను.

అయినను ఆ బల్లకును ఒక గడప ఉన్నది. అది కులము అడుగదు గాని వెల అడుగును. అక్కడి ఒక పూట భోజనపు వెల మన కూలివాని దినకూలిని మించిపోవచ్చును. వ్యాపారము వెల అడుగుట తప్పు కాదు. కులమునైనను వెలనైనను అడుగని బల్ల ఒకటే ఉన్నది. అది ప్రభువు బల్ల. ఆ బల్లయొద్ద చేయి చాచిన మనము దానికి తగినట్లు నడుచుకొనుచున్నామా?

అంతియొకయలో జరిగినదానిని జ్ఞాపకము చేసికొనుడి. పేతురు అన్యజనులతో కలిసి భుజించుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుకదీసి వేరైపోయెను. అతడు బోధించినది మారలేదు. కూర్చున్న చోటు మాత్రమే మారినది. అయినను పౌలు దానిని అల్పమైన మర్యాద సంగతిగా ఎంచక, సువార్త సత్యమునకే భంగమని యెంచి, అందరి యెదుట అతనిని గద్దించెను.

మన దక్షిణ దేశపు సంఘములకును ఈ పరీక్ష వచ్చినది. 1850లో మద్రాసులోని ప్రొటెస్టంటు మిషనెరీలలో అనేకులు, కులమును విడిచితినని చెప్పువాడు తక్కినవారితో కలిసి భుజించి దానిని కనుపరచవలెనని నిర్ణయించిరి. ఆ దినములలో ప్రేమవిందులు అట్టి పరీక్షలాయెను. ఈ పద్ధతిని లైప్జిగు లూథరను మిషనువారు ఒప్పుకొనలేదు. బలవంతపు విందు హృదయమును మార్చునా అనునది నేటికిని తగిన ప్రశ్నయే. కాని నోటిమాట కంటె భోజనపు వరుస నిజము చెప్పునని వారు బాగుగా గ్రహించిరి.

సహోదరులారా, ఇది వినుటకు కష్టముగా నుండవచ్చును. చిత్తూరు హోటలులో వండినవాడెవడో, వడ్డించువాడెవడో, ప్రక్కవాడు ఏ వాడవాడో అడుగకుండ మనము తినుచున్నాము. అదే మనము ఊరికి తిరిగి వచ్చి, ఒకే పాత్రలోని ద్రాక్షారసమును పంచుకొన్న సహోదరుడు వేరొక వాడవాడైనందున అతని యింట మంచినీళ్లు త్రాగుటకు జంకినయెడల, హోటలు బల్లను చూచి ప్రభువు బల్ల సిగ్గుపడవలసివచ్చును గదా! డబ్బుకొరకు మనము మరచిపోగలిగిన భేదమును క్రీస్తుకొరకు మరువలేమా? సంఘపు పెండ్లి విందులో జీతగాండ్రను, విధవరాండ్రను, కూలివారిని కడపటి పంక్తికి నిలుపుట కూడ ఇట్టిదే. కొరింథు సంఘములో కలిగినవారు ముందుగా తిని త్రాగిరి. లేనివారు ఆకలితో మిగిలిరి. అది ప్రభువు భోజనమే కాదని పౌలు వారికి వ్రాసెను.

కాబట్టి హోటలుకు వెళ్లువారు వెళ్లుడి. అప్పుచేసి మాత్రము వెళ్లకుడి. విస్తరి ముందర తలవంచి కృతజ్ఞత చెల్లించుటకు సిగ్గుపడకుడి. బల్ల తుడుచువానిని ‘ఒరేయ్’ అని పిలువకుడి. అతడును ఒక తల్లి బిడ్డయే. హోటళ్లలో పదునాలుగేండ్లలోపు పిల్లలచేత పని చేయించుట 2006 అక్టోబరు 10నుండి నిషేధింపబడినది. అట్టి పిల్లవాడు గ్లాసులు కడుగుట కనబడినయెడల చూచి చూడనట్లు లేచిరాకుడి. తిరిగి మనలను పిలువలేనివారిని విందుకు పిలువుమని ప్రభువు చెప్పెను గదా. మీ సంఘములో ఎన్నడును అట్టి బల్లయొద్ద కూర్చుండని వృద్ధుడెవరో మీకు తెలియును. ఒక పర్యాయము అతనిని వెంటబెట్టుకొని పోవుడి. అంతకంటె ముఖ్యముగా, రాబోవు ఆదివారము ఆరాధనయైన తరువాత, ఇంతవరకు మీరు గడప త్రొక్కని యొక సహోదరుని యింటికి వెళ్లి, అతడు పెట్టిన సంకటిని సంతోషముతో తినుడి.

పాపులతో కలిసి భుజించిన ప్రభువు మన యిండ్ల తలుపులను, మన పంక్తులను, మన హృదయములను విశాలపరచును గాక. ఆమెన్.