కల్లుముంతలోని మందు – దోషమెవరిది?

క్షీరసాగరమును మథించినపుడు ముందు హాలాహలము పుట్టెను. చివరకు ధన్వంతరి అమృతకలశముతో వెలువడెను. విషమునకును ఔషధమునకును పుట్టినిల్లు ఒక్కటేయని పురాణము ఏనాడో తెలిపినది. ధన్వంతరిని శ్రీమన్నారాయణుని అవతారముగా కొలుచు ఇండ్లలోనే, మందును ఎవరికి, ఎంత, ఎందులకు ఇయ్యవలెనను విచారణను అంగడివానికి వదలివేయుట పరిపాటియైనది.

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో ఈత, తాటికల్లు తరతరములుగా కూలిజనుల సాయంకాలపు పానీయము. ఎండలో మట్టి తవ్వి, రాళ్లు మోసి వచ్చిన ఒంటికి అది ఊరట. చెట్లు చాలక, అడుగువారు పెరిగినచోట, నీటిలో శాకరిన్ కలిపి, క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం పొడులతో మత్తు తెప్పించు కల్తీ బయలుదేరెను. ఇవి నల్లమందు జాతివి కావు. డైజీపాం, అల్ప్రాజోలం వైద్యుడు చీటిపై వ్రాసి ఇయ్యవలసిన మందులు. కలతచెందిన మెదడును నెమ్మదింపజేయును. నెలల తరబడి పుచ్చుకొన్నవానికి మెదడు ఆ ఊతకు అలవాటుపడును. ఊతను హఠాత్తుగా లాగివేసినచో నిద్ర తొలగును, చేతులు వణకును, లేనివి కనబడును, ఫిట్సు వచ్చును.

2015 సెప్టెంబరులో జరిగినది ఇదియే. కల్తీకల్లుపై ప్రభుత్వము దాడులు ముమ్మరము చేయగా, మహబూబ్‌నగర్, నిజామాబాదు ప్రాంతములలో వందలమంది ఆసుపత్రుల పాలైరి. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము రోగులతో క్రిక్కిరిసెను. కొందరు ప్రాణములు కోల్పోయిరి. విషమును ఆపుట ధర్మమే. ఆపినపుడు కలుగు యాతనను ముందుగా తలపోయకుండుట ధర్మమగునా?

త్రాగినవాడు పాపియనుట సులభము. కాని తెలిసి చేసినదానికిని తెలియక చేసినదానికిని శాస్త్రము భేదము చూపును. ముంతలోనిది చెట్టురసమని నమ్మిన కూలికిని, పొడిని తూచి కలిపినవానికిని ఒకే త్రాసు తగదు. గజేంద్రుడు మడుగులో దిగినది దప్పిక తీర్చుకొనుటకే. స్వామి పరుగున వచ్చినపుడు, "నీవేల దిగితివి?" అని అడిగినట్లు భాగవతమున లేదు.

అయినను తెలిసిన తరువాత మాట వేరు. అల్ప్రాజోలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము క్రిందికి వచ్చును. 2014 నుండి ఇట్టి మందుల అమ్మకమును దుకాణదారు ప్రత్యేక పుస్తకమున వ్రాయవలెను. నొప్పికి వాడు ట్రమడాల్ సైతము 2018లో ఆ చట్టపు పరిధిలో చేరెను. ఇన్ని ఉండియు, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు పలువురిని పొట్టన పెట్టుకొనెను. చీటి లేకుండ మాత్రలు అడుగు గృహస్థుడు, అవ్వకు వ్రాసిన నిద్రమాత్రను పొరుగింటికిచ్చు ఇల్లాలు – వీరును ఆ గొలుసులోని చిన్న కొలికులే. ఈ మాట కటువుగా తోచవచ్చును.

భక్తులకు చెప్పవలసినది మరియొకటి కలదు. కురుమూర్తి జాతరలోనో, మాన్యంకొండ మెట్లమీదనో, యాదగిరిగుట్టలోనో "నేటినుండి ముట్టను" అని మ్రొక్కుకొనువారు కలరు. ఆ సంకల్పము పవిత్రమైనదే. కాని మందు కలిసిన కల్లు విషయమున ఒక్కనాట మానుట ప్రాణాపాయము. అట్టివాడు గుట్ట దిగి జిల్లా ఆసుపత్రికి పోయి, ఎన్ని ముంతలు, ఎన్నేండ్లుగా అని దాపరికము లేక చెప్పవలెను. వైద్యుడు మోతాదును వారముల తరబడి తగ్గించుచు మాన్పించును. మ్రొక్కు చెల్లుటకు రెండు నెలలు ఆలస్యమైనదని స్వామి అలుగడు. అంతవరకు ఇంటివారు మాత్రము అతనిని ఎత్తిపొడువక, రాత్రులందు ఒంటరిగా విడువక ఉండవలెను.