ఈ రోజు ఒక్క ఫొటో

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె ఒడ్డున మోటారు బోట్లకు చేపల వేట ఉండదు. 61 రోజులు. మగవాళ్లు నీడ చూసుకుని చిరిగిన వలలు బాగుచేసుకుంటారు. ఆడవాళ్లు ఇల్లు ఎట్లా గడపాలా అని లెక్కలు వేసుకుంటారు. చూసేవాళ్లకు అంతా ఆగిపోయినట్టే ఉంటుంది. నీళ్లలో మాత్రం చేపలు గుడ్లు పెట్టే కాలం అది. వేట ఆపిందే అందుకు.

మీకూ ఇప్పుడు అట్లాంటి రోజులే నడుస్తున్నాయా? పొద్దున కళ్లు తెరవగానే మొదట గుర్తొచ్చేది అప్పా, పిల్లల ఫీజా, తగ్గని నొప్పా?

దిగులుపడే జనాన్ని కొండ మీద కూర్చోబెట్టుకుని యేసు ప్రభువు ఏం చూపించాడో గుర్తుందా? పిట్టల్ని, పొలంలో పూలని. వాళ్లు రోజూ దాటిపోయేవే. దూరదేశపు వింత ఒక్కటీ చూపించలేదు. చూడమనడం కూడా ఆయన ఓదార్పే అని నాకు గట్టి నమ్మకం.

మీ చేతిలో ఫోను ఉంది కదా, ఈ రోజు దాంతో ఒక్క ఫొటో తీయండి. దిబ్బ మీద పాకే తీగకు పూసిన ఊదారంగు పువ్వు. సరుగుడు తోపులో నేల మీద పడ్డ సన్నటి నీడలు. వల కన్నులో సూది దూర్చే ముసలి వేళ్లు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉంటే ముఖాల్లో కళ్ల కింద నల్లటి నీడ పడుతుంది, అప్పుడు వద్దు. మన తీరాన పొద్దు సముద్రంలోంచే వస్తుంది. ఆ తొలి గంటలో వెలుగు పక్కనుంచి మెత్తగా పడుతుంది. పాత గోడ కూడా అప్పుడు అందంగా ఉంటుంది.

ఓరుగల్లు ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ ఏళ్ల తరబడి తెలంగాణ పల్లెల్లో పాత ఇళ్ల తలుపుల్ని, బతుకమ్మ ఆడే ఆడవాళ్లని తీశారు. క్యాన్సర్ పీడిస్తున్నా కెమెరా వదల్లేదు. 2022లో కన్నుమూశారు. ఆయన వెతుక్కుంటూ పోయింది మనం పట్టించుకోని గుమ్మాల దగ్గరికే.

బయటికి వెళ్లే ఓపిక లేదా? అయితే పెట్టెలోంచి ఒక పాత ఫొటో తీయండి. అది తీయించుకున్న ఏడాది ఇంట్లో ఏ కష్టం ఉండిందో గుర్తు చేసుకోండి. దాన్ని ఎట్లా దాటారు? ఎవరు దాటించారు? 2004 డిసెంబరు 26న సునామీ నెల్లూరు తీరాన్ని కొట్టింది. ఆ నీళ్లను కళ్లారా చూసినవాళ్లు మళ్లీ అదే సముద్రం మీదికి వేటకు వెళ్లారు. బైబిల్లో యొర్దాను నది దాటిన ఇశ్రాయేలీయులు దాని నడుమ నుంచి పన్నెండు రాళ్లు ఎత్తుకొచ్చి నిలబెట్టుకున్నది పిల్లలకు ఇట్లాంటి సంగతి చెప్పడానికే.

మీరు చూడకముందే దిబ్బ మీది ఆ పువ్వును చూసినవాడు ఒకడున్నాడు. ఎవరికీ చెప్పుకోలేని మీ అలసట కూడా ఆయన కళ్ల ముందే ఉంది. మీ చూపు దిగులు వైపు జారినప్పుడు కూడా ఆయన చూపు మీ మీది నుంచి పక్కకు పోదు.

అందుకే, రేపటి లెక్క కాసేపు పక్కన పెట్టండి. పడుకునే లోపు ఒక్క ఫొటో తీసి, దాన్ని చూస్తూ ఆయనకు ఒక్క మాట కృతజ్ఞత చెప్పండి. ఆ తర్వాత దాన్ని మీకు తెలిసిన మరో అలసిన మనిషికి పంపండి.