తల్లి చేతిలో కలం

మన జొన్నాడలో కవితలు రాసే ఆడపిల్ల ఒకతె ఉందనుకోండి. పెళ్లై, పిల్లలు పుట్టాక ఆమె కలం మూలపడితే దాన్ని మనం త్యాగమంటాం. నిజంగా త్యాగమేనా? లేక దేవుడిచ్చిన తలాంతును మనమే పాతిపెట్టించామా?

ఇంగ్లండు కవయిత్రి ఆలిస్ మెనెల్ (1847–1922) యౌవనంలోనే కతోలిక శ్రీసభలో చేరారు. 1875లో తొలి కవితా సంపుటి వెలువడింది. 1877లో పాత్రికేయుడైన విల్‌ఫ్రిడ్‌ను పెళ్లాడారు. ఎనిమిదిమంది బిడ్డలు, ఒకరు పసితనంలోనే పోయారు. భర్తతో కలిసి ‘వీక్లీ రిజిస్టర్’ అనే కతోలిక వారపత్రిక నడిపారు. వారపత్రికంటే ఊపిరి సలపని చాకిరీ! మరో కవితా సంపుటి 1893లో గాని రాలేదు.

ఆ పద్దెనిమిదేళ్లూ వృథా అనడానికి నాకు నోరు రాదు. లండన్ వీధుల్లో నల్లమందుకు బానిసై తిరుగుతున్న ఫ్రాన్సిస్ థామ్సన్ కవితను 1888లో తమ మరో పత్రికలో అచ్చువేసి, ఆయన్ను ఆదరించింది ఆ దంపతులే.

అయితే, ఈ కథ చెప్పి మీ కోడలి నోరు మూయించకండి. ఆలిస్ తన కాలాన్ని తానే ఇచ్చారు, ఎవరూ లాక్కోలేదు. పత్రిక బరువును భర్తా మోశాడు. పైగా, స్త్రీలకు ఓటు కావాలని ఆమె గట్టిగా వాదించారు. 1918లో ముప్పై దాటిన స్త్రీలకు ఆ హక్కు దక్కేనాటికి ఆమెకు డెబ్బై ఏళ్లు.